బార

మా ఓడ తెల్లన, పొగగొట్టం పసుపు.
ఒడ్డున పిల్లలు మొదట అడిగింది
"తుపాకులేవండీ?"
లేవన్నాను.
"మరి నేవీ ఏటండీ?" అని
వదిలేసిన ఆట మళ్లీ అందుకున్నారు.

వశిష్ఠ మొగ దగ్గర, పల్లిపాలెం జెట్టీ స్తంభానికి
ఎరుపూ తెలుపూ గీతల కొలకర్ర కట్టి,
పక్కన గుడారం వేసి
నన్నూ ఓలేటి కాశుల్నీ కూర్చోబెట్టారు.
పది నిమిషాలకోసారి నీరెంత ఎక్కిందో రాయాలి
పగలూ రాత్రీ, ఇరవైతొమ్మిది రోజులు,
చంద్రుడు ఒక చుట్టు తిరిగొచ్చేదాకా.

కాశులుకి గడియారం అక్కర్లేదు.
బీడీ వేలికి చురుక్కుమంటే పది నిమిషాలు.
"ఒకటీ అరవైరెండు" అంటాడు చీకట్లో.
టార్చి వేసి చూస్తాను.
ఒకటీ అరవైరెండే.

మూడోనాడు అడిగాడు:
"మీ సున్నా ఎక్కడుందండీ?"
ఇంతకన్నా దిగదు అనే పాటు నీరుంటుందే, అక్కడ, అన్నాను.
"దిగనని గోదారి మీకు కాయితం రాసిచ్చిందా?"
దానికి నా పుస్తకంలో గడి లేదు.

ఇక్కడికి దింపకముందు నేనూ ఓడలోనే,
తెర ముందు నాలుగేసి గంటల కాపలా.
ఉత్తరానికి పోవడం, తిరగడం, దక్షిణానికి రావడం,
ఓ యాభై గజాలు జరిగి మళ్లీ ఉత్తరానికి.
కొత్త కుర్రాళ్లు విసుక్కునేవాళ్లు.
మాది బండారులంక, నాడె చప్పుడులో పుట్టినవాణ్ని,
నాకేం కొత్త?
ఆఖర్న అడ్డగీతలు నడుపుతాం, పడుగు మీద పేకలాగ.
రెండు లెక్కలూ ముడిపడాల్సినచోట పడకపోతే
విప్పి మళ్లీ నేయాల్సిందే.

నేలకి కూత వేస్తాం, నేల పలుకుతుంది. అంతే మా పని.
కానీ మొగలో గోదారి తీపి పైన, సముద్రం ఉప్పు కింద.
తీపిలో శబ్దం నింపాదిగా నడుస్తుంది,
ఉప్పులోకి దిగగానే పరుగందుకుంటుంది.
పూటపూటా గొట్టం దించి నీళ్ల రుచి చూడకపోతే
అడుగు అబద్ధం చెబుతుంది.
కాదు, అడుగు నిజమే చెబుతుంది,
మేం అబద్ధం రాసుకుంటాం.

పదిహేడోనాడు
మోటారు బోటు అన్నం క్యారేజీతో పాటు
ఓ కాగితం తెచ్చింది.
మొగకి తూర్పున, నేలమీంచి మూడు మీటర్లు లేచి
ఏదో గుండ్రన.
పడవ ముక్కా? పాత దీపస్తంభమా?
అక్కడివాళ్లని అడగమని లెఫ్టినెంట్ బరువా మేడం చేతిరాత.

కాశులు కాగితం తిప్పాడు, మళ్లీ తిప్పాడు,
ఒడ్డు ఎటో పోల్చుకున్నాడు.
"పేరమ్మ నుయ్యండీ ఇది."
దీనికిటు ఏడిళ్లట. అటు వలలారేసే దిబ్బట.
ఇందులో చేద పారేసుకుని
తను తన్నులు తిన్నాడట.
"ఇళ్లు తాటాకువి, ఎప్పుడో పోయాయి. నుయ్యొక్కటే సిమెంటు ఒరలు."
చుట్టూ ఇసకంతా సముద్రం తవ్వుకుపోతే
లోతుకి తీసిన నుయ్యి
ఎత్తుకి నిలబడింది.

పటంలో దాని చుట్టూ చుక్కల వలయం గీస్తారు,
లోపల ఒక అంకె.
పేరు రాయరు. ఓడ మునిగేది పేరు తగిలి కాదు.

"ఎంతేశారు?"
ఐదూ పది, అన్నాను.
లేచి రెండు చేతులూ బారచాపాడు.
ఒకటి, రెండు, మూడు అని గాలిని కొలిచి
"మూడు బారలకి మూర తక్కువ" అన్నాడు.
ఎడమ భుజం పూర్తిగా సాగలేదు. తనే చూసుకున్నాడు.
"నా బార తగ్గిందండీ ఈమధ్య.
మీ యంత్రం లెక్కే ఉంచండి."

పేరమ్మెవరు అని అడగబోయాను.
ఈలోగా బీడీ చివరికొచ్చింది.
"ఒకటీ ఎనిమిది" అన్నాడు, నీటివైపు చూడకుండానే.
టార్చి వెయ్యలేదు నేను.
రాసేశాను.